స్టీల్ రఫింగ్‌లో మూలల దగ్గర చాటర్ (కోతలో వచ్చే అదురు): ముందు ఏది మార్చాలి?

చిన్న బెంచ్‌టాప్ సీఎన్‌సీ మిల్లు మీద మైల్డ్ స్టీల్‌లో 20 మి.మీ. లోతు పాకెట్ (గుంత) రఫింగ్, అంటే లోహాన్ని ముందు మోటుగా తీసేసే కోత, చేస్తున్నాను. 10 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్ (తిరుగుతూ కోసే టూల్), 4 ఫ్లూట్లు (కోసే పళ్లు), 3000 ఆర్‌పీఎం, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 480 మి.మీ. ఒక్కో పాస్‌కు లోతు 10, పక్కకు 1 మి.మీ. క్లైంబ్ మిల్లింగ్ (తెగే పొర మందంగా మొదలై పలచగా ముగిసే పద్ధతి), ఎయిర్ బ్లాస్ట్.

తిన్నగా వెళ్లేటప్పుడు కోత హాయిగా ఉంటుంది. 6 మి.మీ. రేడియస్ ఉన్న లోపలి మూలకి చేరగానే మెషీన్ మొత్తం గీపెడుతుంది. గోడ మీద అలలు అలలుగా గీతలు, గోరుతో రాస్తే తగులుతాయి. 20 నిమిషాలకే రెండు పళ్ల కొసలు విరిగాయి. టూల్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, స్పిండిల్ (టూల్‌ని తిప్పే ఇరుసు) బేరింగులు దెబ్బతింటాయనే నా భయమంతా.

టూల్ బయటికి ఉన్న పొడవు 40 నుంచి 28 మి.మీ.కి తగ్గించాను, కొంచెం నయం. జిబ్‌లు (స్లైడ్‌ల వదులు తీసే పట్టీలు) బిగించాను, వైస్ (ముక్కని పట్టి ఉంచే బిగింపు) సరిచూశాను, తేడా లేదు. ఫీడ్ సగం చేస్తే కీచు శబ్దం ఇంకా పెరిగింది. చిప్ (తెగి వచ్చే లోహపు పెళ్ల) మరీ పలచబడి టూల్ కోయకుండా రుద్దుతున్నట్టుంది.

ఇలాంటి తేలిక మెషీన్‌లో మూలల చాటర్ ఆగాలంటే ముందుగా ఏది మార్చాలి: ఆర్‌పీఎమ్మా, పాస్ లోతా, లేక 8 మి.మీ. టూల్‌కి దిగాలా?