పసిబిడ్డకు పాలు వేళ ప్రకారమా, అడిగినప్పుడల్లానా?

కొత్తనాన్న: మా పాపకు ఆరు వారాలు. రాత్రీ పగలూ తేడా లేదు, ఏ పనీ వేళకు జరగడం లేదు. అందుకని మూడు గంటలకొకసారి పాలు అని వేళలు నిర్ణయించాను. ఎప్పుడు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్ని గుడ్డలు తడిపింది, అన్నీ నోటుపుస్తకంలో రాయించాలన్నది నా ఏర్పాటు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరైన పద్ధతి?

చంపావతి: అత్తగారిదే. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, బిడ్డ కోరినప్పుడల్లా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. తాగే కొద్దీ పాలు ఊరతాయి, వేళ కాలేదని ఆపితే తగ్గిపోతాయి. ఏడుపు దాకా కూడా ఆగకూడదు. పెదవులు చప్పరించినా, పిడికిలి నోట్లో పెట్టుకున్నా ఆకలేనని తెలుసుకోవాలి.

కొత్తనాన్న: మూడు గంటలకొకసారి అంటే 8 సార్లు. మీ లెక్కలోనే ఉంది కదా!

చంపావతి: ఆ 8 సార్లూ సమానమైన ఎడంతో రావండీ. చాలామంది పిల్లలు సాయంత్రం గంటకోసారి అడుగుతారు, తర్వాత కాస్త ఎక్కువసేపు పడుకుంటారు.

మంజీర: పుస్తకాన్ని తీసిపారేయకండి. మాకు కవలలు. రాసుకోకపోతే అర్ధరాత్రి ఎవరు తాగారో గుర్తుండేది కాదు. మొదటి వారం దాటాక రోజుకు ఆరు గుడ్డలైనా తడిపితే పాలు సరిపోతున్నట్టని డాక్టరు చెప్పారు. ఆ లెక్కే మాకు ధైర్యం.

తుంగభద్ర: అడిగినప్పుడల్లా ఇవ్వడం ఇంట్లో ఉండగలిగినవారికి సాగుతుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 అయింది. చట్టం అలా ఉన్నా, నేను పనిచేసిన చోట మూడో నెలకే రమ్మన్నారు, లేదంటే మరొకరిని చూసుకుంటామన్నారు. పిండిన పాలు గది వేడిలో 4 గంటలకు మించి ఉంచకూడదు. వేళలు లేకపోతే నా బిడ్డ పస్తే.

చంపావతి: మీ సంగతి వేరు. ఆయన భార్య ఇంట్లోనే ఉన్నారు కదా.

తుంగభద్ర: ఎప్పుడూ ఇదే మాట, నా సంగతి వేరని!

చంపావతి: సరే, ఒకటి అడుగుతాను. కొత్తనాన్న గారూ, రాత్రి రెండున్నరకు లేచి ఆ పుస్తకంలో రాసేది ఎవరు?

కొత్తనాన్న: నా భార్యే. పురుడు పుట్టింట్లో కదా, ఇంకా అక్కడే ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వెళ్లి వస్తున్నాను. పుస్తకం ఫొటో తీసి పంపమంటాను.

చంపావతి: అంటే పాలిచ్చి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, గుడ్డ మార్చి, కన్ను మూతపడుతుండగా మీ కోసం లెక్క రాయాలి. ఆ బాలింత నిద్ర రాయడానికి అందులో గడి ఉందా?

కొత్తనాన్న: నేను పెత్తనం చేస్తున్నట్టు రాయకండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవు. నా కంపెనీలో అదీ లేదు. స్నానం అత్తగారు పోస్తారు, సాంబ్రాణి పొగ ఆవిడే వేస్తారు, ఊయల మామగారు ఊపుతారు. నేను ఎత్తుకుంటే మెడ నిలపడం రాదని తీసేసుకుంటారు. ఆ పుస్తకం లేకపోతే నా కూతురి రోజు ఎలా గడిచిందో కూడా నాకు తెలియదు.

మంజీర: ఇది ముందే చెప్పవలసింది.

చంపావతి: మీ బాధ అర్థమైంది. అయినా మూడు గంటల నియమం తప్పే. పాప సంగతులు సాయంత్రం ఫోనులో అడగండి. ఆదివారం వెళ్లినప్పుడు ఆ రాత్రి గుడ్డలు మార్చే పని మీరు తీసుకోండి. మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం మగవారికి రాని విద్య కాదు.

తుంగభద్ర: భార్యాబిడ్డలను మీ ఇంటికి తెచ్చుకోవచ్చు కదా? అన్నిటికంటే ముందు అడగవలసింది అదీ.

కొత్తనాన్న: మూడో నెలలో పంపుతామని రెండు వైపుల పెద్దలూ అనుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

తుంగభద్ర: ఆమెను అడిగారా?