పిల్లోడితో పులి-మేక, నాకు లాసెట్: రెండూ కుదురుతాయా?

మిల్లు లెక్కలు (నెల్లూరు):

అందరికీ నమస్తే. నాకు 38 ఏళ్ళు. నెల్లూరు బయట ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. బీకాం 51 శాతంతో గట్టెక్కి పదిహేడేళ్ళు దాటింది. ఇప్పుడు మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చదవాలని లాసెట్ (లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయబోతున్నా. పాపకు పదమూడేళ్ళు, బాబుకు తొమ్మిది.

ఈ వయసులో లా ఏంది అని అడగని చుట్టం లేడు. మా నాన్నకు ఆత్మకూరు వైపు పొలం గట్టు తగాదా ఒకటుంది. వాయిదా ఉన్నప్పుడల్లా పసుపు సంచీలో కాగితాలు సర్దుకుని బస్సెక్కుతాడు. నిరుడు నేను తోడు వెళ్ళాను. వకీలు గారు గబగబా ఏదో చెప్పి ఇంకో కేసుకి వెళ్ళిపోయారు. బయట టీ కొట్టు దగ్గర నాన్న, "ఏందమ్మా ఆయన అన్నది?" అని అడిగాడు. అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) పేరు ఉండటం వేరు, దస్తావేజు ఉండటం వేరు అని నాకు తెలిసినంతలో చెప్పాను. "నువ్వే వకీలువైతే ఫీజన్నా మిగిలేది" అని నవ్వాడు. ఆయన అక్కడే మర్చిపోయాడు. నాకు మాత్రం ఆ మాట పోలేదు.

తెల్లారి నాలుగున్నర నుంచి ఆరు దాకా చదువుతున్నా. తర్వాత క్యారేజీలు, బడి, మిల్లు. చిక్కంతా సాయంత్రం దగ్గరే. రోజూ ఏడింటికి బాబూ నేనూ పులి-మేక ఆడతాం. మా తాత నాకు నేర్పాడు, నేను వాడికి నేర్పాను. వరండా గచ్చు మీద సుద్దతో గీస్తాం. మూడు పులులకి చొక్కా గుండీలు, పదిహేను మేకలకి చింతగింజలు. గింజలన్నీ హార్లిక్స్ డబ్బాలో ఉంటాయి. మేకలు పదిహేనూ పెట్టేదాకా ఒక్క మేకనీ జరపకూడదు, మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. అందుకని మేకల వైపు కూర్చున్నవాళ్ళకే బుర్ర ఎక్కువ పెట్టాలి. నేనెప్పుడూ మేకలే.

ఈ మధ్య గింజ పెడుతూ రాజ్యాంగంలోని ఆర్టికల్ 14, 19, 21 అని గొణుక్కుంటున్నా. మొన్న ఆదివారం నాలుగు మేకలు పోయాక వాడు ఆపేశాడు. "అమ్మా, నువ్వు చూడట్లేదు. నేను ఊరికే తినేస్తున్నా" అని గింజలన్నీ డబ్బాలో పోసి మూత పెట్టేశాడు. గెలిచేవాడు ఆట ఆపేయడం నేనెక్కడా చూడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్ష అయ్యేదాకా ఆట మానేయాలా, లేక ఆటనీ చదువునీ ఎట్లాగో కలపాలా? ఇంతకీ చదవడం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో కూడా చెప్పండి. గైడ్ లావు చూస్తేనే టెన్షన్.

పెన్న గట్టు:

అక్కా, కలిపేయండి, అంతే. ఒక్కో చింతగింజకి ఒక్కో ఆర్టికల్ నంబరు పెట్టుకోండి. పులి తిన్న గింజ నంబరేదో ఆ ఆర్టికల్ మీరు చెప్పాలి. నేను గ్రూప్-2కి చదివేటప్పుడు మా పాపతో క్యారమ్స్ ఇట్లాగే ఆడాను. ఉద్యోగం రాలేదనుకోండి, అది వేరే విషయం.

ఒంగోలు నల్లకోటు:

తమ్ముడి సలహా వినడానికి బాగుంది గానీ, చేయొద్దమ్మా. నేను ఆ తప్పు చేసినదాన్నే.

నలభై ఒకటో ఏట ఎల్‌ఎల్‌బీలో చేరాను. అప్పటిదాకా మా అమ్మాయీ నేనూ మధ్యాహ్నాలు దిండుగలీబుల మీద పూలు కుట్టుకునేవాళ్ళం. చదువు మొదలయ్యాక నా నోట్సు దాని చేతికిచ్చి, నేను కుడుతుంటే ప్రశ్నలు అడగమన్నాను. రెండు వారాలు సరదాగానే అడిగింది. తర్వాత సూదిపెట్టె తీద్దామంటే "హోంవర్కుంది" అనడం మొదలెట్టింది. నెమలి కుట్టిన గలీబు ఒకటి, తోక సగంలో ఆగిపోయింది. ఇప్పటికీ బీరువాలో ఉంది. తప్పు దానిది కాదు. ఆడుకుందాం రా అని పిలిచి పని అప్పజెప్పాను. పిల్లలు అది ఇట్టే పసిగడతారు. మీ వాడు మూత పెట్టేసింది అందుకే.

అరగంట ఆడండి. పుస్తకం, ఫోను లోపల గదిలో పెట్టి రండి.

ఇక పరీక్ష. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. ప్రశ్నకు ముప్పావు నిమిషం. జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. సగం మార్కులు లా లోనే ఉన్నాయి కాబట్టి మీ తెల్లవారుజాము దానికే ఇవ్వండి, వార్తాపత్రిక మిల్లులో భోజనం వేళ చదువుకోవచ్చు. తప్పు జవాబుకి మార్కులు కోయరు, ఒక్కటీ వదలొద్దు. క్వాలిఫై అవడానికి 35 శాతం, అంటే 42 మార్కులు. సీటు వచ్చేది మాత్రం ర్యాంకును బట్టే. డిగ్రీలో ఓపెన్ వాళ్ళకి 45 శాతం ఉండాలి, మీకు 51 ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. వయసు అడ్డం కాదు.

రాజ్యాంగంతో మొదలుపెట్టండి. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లు (హక్కులు కాపాడటానికి పెద్ద కోర్టులు ఇచ్చే ఆదేశాలు). రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చకూడదని చెప్పిన కేశవానంద భారతి కేసు 1973, పదమూడుగురు జడ్జీలు, 7-6 తీర్పు. ఇట్లాంటివి కథలాగా చదివితే నిలుస్తాయి. నంబర్లు గొణుక్కుంటే నిలవవు.

ఒక జాగ్రత్త. పాత గైడ్ కొని మోసపోకండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు పోయి 358 అయ్యాయి. హత్యకి శిక్ష 302 అని మనకి నోటికొచ్చింది, ఇప్పుడు 103. మోసం 420 కాస్తా 318(4) అయింది. పాత నేరాలు ఐపీసీ కిందే నడుస్తున్నాయి గనుక కోర్టులో మాకు రెండు నంబర్లూ కావాలి. మీరు రెండూ పక్కపక్కన రాసుకోండి.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో చెల్లదు. కాలేజీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకుని చేరాలి. హాజరు 70 శాతం ఉండాలి, క్లాసులు పగలే. మిల్లు వాళ్ళతో పనివేళల సంగతి ఇప్పుడే మాట్లాడండి, సీటొచ్చాక కాదు. ప్రాక్టీసు చేయాలంటే ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి, అది సెక్షన్ల పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేదే. జీతం తీసుకునే పూర్తికాలం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు కుదరదు. జూనియర్‌గా మొదటి రెండేళ్ళు ఆటో ఖర్చులకి వస్తే గొప్ప. భయపెట్టడానికి కాదు, ఇంట్లో లెక్క వేసుకుంటారని.

రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, ఈ వయసులో ఏంది అన్న చుట్టాలకి మన టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంగతి చెప్పండి. వాళ్ళమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించారు. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా (కింది కోర్టుల వకీలుగా) ప్రాక్టీసు పెట్టి, పేరూ డబ్బూ వచ్చాక ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు చదివారు. నడుస్తున్న ప్రాక్టీసు వదిలి మళ్ళీ బల్ల మీద కూర్చోవడం చిన్న విషయం కాదు.

రాజ్యాంగంలో ప్రాథమిక విధుల ఆర్టికల్ 51ఎ చదివేటప్పుడు చివరిది, (కె) చూడండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని ఉంటుంది. 2002లో 86వ సవరణతో పిల్లల విద్యాహక్కు ఆర్టికల్ 21ఎ, ఇదీ కలిసి వచ్చాయి. అమ్మ చదువుకి ఎవరు అవకాశం కల్పించాలో మాత్రం అందులో రాయలేదు.

ఇంతకీ రొట్టెల పండక్కి మీ నెల్లూరు స్వర్ణాల చెరువులో, చదువు బాగా రావాలని కోరుకుని పట్టుకునే చదువు రొట్టె పట్టుకున్నారా లేదా?

మిల్లు లెక్కలు (నెల్లూరు):

మాస్టారూ, పట్టుకున్నా. పాప కోసం. నాకూ ఒకటి పట్టుకోవాలని తట్టనే లేదు.

పది రోజులు ఆగి రాస్తున్నా. పెన్న గట్టు తమ్ముడూ, ఏమనుకోవద్దు, ఒంగోలు అక్క మాటే విన్నాను. అక్కా, ఆ నెమలి తోక సంగతి చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. మీ అమ్మాయి ఇప్పుడు పెద్దదై ఉంటుంది కదా, ఒకసారి ఆ గలీబు బయటికి తీసి చూడకూడదా?

మిల్లు యజమానితో మాట్లాడాను. కోతల సీజన్లో తప్ప సాయంత్రాలు వచ్చి లెక్కలు రాసుకుంటానంటే, "సీటు రానీ, చూద్దాం" అన్నారు. జీతం తగ్గిస్తారని అర్థమైంది. మా ఆయన ఆ తగ్గే జీతం సంగతి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు, ఇంకా ఏ నిర్ణయం రాలేదు. పాప మాత్రం పొద్దున్నే పేపర్లో తనకి తోచినవాటికి గీతలు పెట్టి నా బ్యాగులో పెడుతోంది. సగం క్రికెట్టే.

ఏడింటికి పుస్తకం బీరువాలో పెట్టి వరండాలోకి వస్తున్నా. మొదటి రెండు రోజులు వాడు నన్ను అనుమానంగా చూశాడు. మూడో రోజు నేను పులి ఒకదాన్ని మూలకి నెట్టి కట్టేశాను, అప్పుడు గానీ నమ్మలేదు.

చట్టం నేను ఆటలోకి తేలేదు, వాడే తెచ్చాడు. 420 మారిపోయిందని అన్నం తినేటప్పుడు మాటల్లో చెప్పాను, అంతే. నిన్న ఇంకా రెండు గింజలు చేతిలో ఉండగానే, చూడలేదులే అని ఒక మేకని పక్క గడిలోకి జరిపాను. వాడు గచ్చు మీద అరచేత్తో కొట్టి, "మూడు వందల పద్దెనిమిది, బ్రాకెట్లో నాలుగు!" అని అరిచాడు. గింజ మళ్ళీ పాత గడిలో పెట్టాను.