శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కట్టాలనుకున్నది బొగ్గు కరెంటు ప్లాంట్ కాక గ్యాస్ ప్లాంట్ అయ్యుంటే జనం ఒప్పుకునేవారా?

పాత ఫిట్టర్: బొగ్గు ప్లాంట్ వద్దని మనోళ్లు పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు, ప్రాణాలు పోయాయి. ఆ పోరాటాన్ని తప్పుపట్టను. కానీ గ్యాస్ అయితే? పదహారేళ్లు గ్యాస్ బాయిలర్ల దగ్గర పనిచేశాను. బొగ్గు గుట్ట లేదు, బూడిద చెరువు లేదు. బూడిద ఒరుసుకుని ట్యూబులు అరగవు. మంట ఆరితే దాన్ని కనిపెట్టే స్కానర్ పసిగట్టి గ్యాస్ వాల్వ్ మూయించేస్తుంది. మన జిల్లాకి అలాంటిది ఒక్కటైనా రావాలి.

మహేంద్రతనయ ఒడ్డు: బూడిద లేదు, సరే. నీళ్ల మాటేమిటి? టర్బైన్ తిప్పిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చాలి. బొగ్గుతో కాచినా గ్యాస్‌తో కాచినా ఆవిరి ఆవిరే కదా అన్నా.

పాత ఫిట్టర్: కంబైన్డ్ సైకిల్‌లో నీళ్లు బాగా తక్కువ తమ్ముడూ. ముందు గ్యాస్ మండించి గ్యాస్ టర్బైన్ తిప్పుతారు, దాన్నుంచి వచ్చే వేడి పొగతోనే ఆవిరి చేస్తారు. మొత్తం కరెంటులో ఆవిరి వాటా మూడో వంతే.

మహేంద్రతనయ ఒడ్డు: ముందు బాయిలర్ అన్నావు, ఇప్పుడు కంబైన్డ్ సైకిల్ అంటున్నావు. నువ్వు పనిచేసింది దేంట్లో?

పాత ఫిట్టర్: బాయిలర్‌లోనే. అయితే ఏంటి? సముద్రం పక్కనే ఉంది, ఆ నీళ్లు వాడొచ్చు.

బారువ తీరం: వాడిన వేడి నీళ్లు మళ్లీ సముద్రంలోకే. మా వలలు ఎక్కడ వేసుకోవాలి?

గోదావరి అల్లుడు: అసలు గ్యాస్ ఏది? కృష్ణా-గోదావరి తీరంలో సముద్రంలోని కేజీ డీ6 గ్యాస్ క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయి 2013 నాటికి మా వైపు ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి.

గరివిడి: బొగ్గు దించేవాళ్లు, బూడిద ఎత్తేవాళ్లు అక్కర్లేదంటే మనుషులూ తక్కువే కావాలి. ఉద్యోగాలు ఎక్కడివి?

మహేంద్రతనయ ఒడ్డు: అదీ మాట! కండెన్సర్ సంగతికి మాత్రం అన్న ఇంకా జవాబు చెప్పలేదు.

పాత ఫిట్టర్: కండెన్సర్, కండెన్సర్! మా నాన్న పోయిన రోజు నేను గుజరాత్‌లో షట్‌డౌన్ పనిలో, అంటే ప్లాంట్ ఆపి చేసే మరమ్మతుల్లో ఉన్నాను. పలాసలో రైలు దిగేసరికి దహనం అయిపోయింది. దగ్గర్లో పని ఉంటే మా నాన్నకు నేనే తలకొరివి పెట్టేవాణ్ణి. యాభై ఉద్యోగాలే వచ్చినా యాభై ఇళ్లకి కొడుకులు మిగులుతారు. నువ్వు వలస వెళ్లలేదు, నీకు తెలీదు.

మహేంద్రతనయ ఒడ్డు: వెళ్లలేదు. ఎందుకో తెలుసా? మా అమ్మ బీల, అంటే మా చిత్తడి నేల, నీటితో ఎకరంన్నర పండించి నన్ను ఇక్కడే చదివించింది కాబట్టి. నీ చేతిలో ఐటీఐ సర్టిఫికెట్ ఉంది అన్నా, ఎక్కడైనా బతుకుతావు. బీల పూడిస్తే మా అమ్మ ఎక్కడికి వెళ్లాలి? బొగ్గా గ్యాసా అన్నది తర్వాత. పూడ్చేది మా బీల అయినప్పుడు మమ్మల్ని ముందు అడగాలా వద్దా?

పాత ఫిట్టర్: అడగాలి. బీల జోలికి వెళ్లకుండా మెట్ట మీద పెడితే?

మహేంద్రతనయ ఒడ్డు: ఏ ఊరి మెట్ట? ఆ ఊరివాళ్లను అడిగి వచ్చి చెప్పు, అప్పుడు మాట్లాడదాం.