‘సెట్’ తరువాత ఎక్కువసేపు ఆపితే ఆలస్యం: మెదడు సన్నద్ధత చెదురుతోందా, కాలు అలసిపోతోందా?

మహబూబ్‌నగర్‌లో బడిపిల్లలకు పరుగు నేర్పుతాను. పదహారేళ్ల అమ్మాయి, 100 మీటర్లు. వంగి కదలకుండా సిద్ధంగా ఉండమని ‘సెట్’ అన్నాక, ఒకటిన్నర సెకనుకు బయలుదేరే సంకేతంగా చెక్కలు కొడితే 0.19 సెకన్లలో కదులుతుంది. మూడు సెకన్లు ఆపితే 0.27. ఒక్కో విరామానికి 20 సార్లు, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనుతో చూసిన సగటు ఇది. తోటివాళ్లలో ఇంత తేడా లేదు.

వినికిడి పరీక్ష చేయించాం, లోపం లేదు. ఉదయం, సాయంత్రం కొలిచాం. విరామాలు మార్చి మార్చి మూడు వారాలు సాధన చేయించాను, మార్పు రాలేదు. కూర్చోబెట్టి, చప్పుడు వినగానే వేలితో మీట నొక్కమంటే మాత్రం మూడు సెకన్లు ఆపినా వేగం తగ్గదు! నన్ను వేధిస్తున్నది ఇదే. వీడియోలో రెండు సెకన్లు దాటగానే వెనక కాలి మడమ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది.

కదలికకు ముందే, దాన్ని సిద్ధం చేసే మెదడు భాగమైన ప్రీమోటార్ కార్టెక్స్‌లో నాడీకణాలు ఒక సిద్ధస్థితికి చేరతాయనీ, సంకేతం వేళకు ఆ స్థితికి ఎంత దగ్గరగా ఉంటే ప్రతిస్పందన అంత త్వరగా వస్తుందనీ కోతులపై చేసిన ప్రయోగాల గురించి చదివాను. ఈమెకు ఆ సిద్ధస్థితి నిలవడం లేదా, లేక వంగి నిలిచిన కండరాలే అలసిపోతున్నాయా? ఈ రెండింటినీ మైదానంలోనే వేరుచేసి చూపగల పరీక్ష ఏది?