నానమ్మ నుంచి అయిదేళ్ల బుడ్డోడి దాకా కలిసి ఆడే బంతాట ఏదైనా చెప్పండి

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఆదివారం సాయంత్రాలు మిద్దె మీద ఏడు పెంకులాట మొదలుపెట్టాం. ఇక్కడి పిల్లలు లగోరి అంటారు. పెంకులు పడగొట్టాక, అవతలి జట్టు బంతితో కొట్టేలోపు మళ్లీ పేర్చాలి కదా, అక్కడే టెన్నిస్ బంతి తగిలి మావాడి వీపు కమిలింది. పాత సాక్సులో గుడ్డలు కుక్కి బంతి చేశాను. దెబ్బ తగల్లేదు, పెంకులూ పడలేదు! స్పాంజి బంతేమో గాలికి పిట్టగోడ దాటి కింద కార్ల మీద పడుతోంది.

మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, కుర్చీలోంచే విసురుతానంటున్నారు. పన్నెండేళ్ల పాప, అయిదేళ్ల బాబు, ఆవిడ, మేమిద్దరం. అందరికీ కుదిరే ఆట ఏముంది? పోనీ పెంకులాటలోనే ఏం మార్చాలి? క్రికెట్ మాత్రం వద్దండీ, మావారు బ్యాట్ వదలరు.