‘యూజ్డ్ టు’ మాట్లాడేటప్పుడు సరిగ్గా రావాలంటే ఏం సాధన చేయించాలి?

స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేవాళ్లు కాస్త సాయం చేయండి. మానేసిన అలవాటుకే వాడాల్సిన ‘ఐ యూజ్డ్ టు వాక్’ని మావాళ్లు ఇప్పటి అలవాటుకీ వాడేస్తున్నారు. విన్నవాళ్లకి నడక మానేశారనే అర్థమవుతుంది. ఇప్పటిదైతే ‘ఐ వాక్ ఎవ్రీడే’ చాలు.

కొత్త ఊరు అలవాటైందనడానికి ‘ఐ యామ్ యూజ్డ్ టు లివ్ హియర్’ అంటారు. అక్కడ ‘టు’ ప్రిపొజిషన్ (నామవాచకం ముందు వచ్చే పదం), కాబట్టి దాని తర్వాత నామవాచకంలా పనిచేసే ‘లివింగ్’ రావాలి. ఇంకా అలవాటు పడుతుంటే ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు లివింగ్ హియర్’.

అన్నిటికన్నా మొండిది ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2019’. ‘2019 నుంచి ఉంటున్నాను’ అనే మన వాక్యమే అలా దిగిపోతోంది. ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అనాలి.

రాయిస్తే తప్పు రాదు, మాట్లాడితే వస్తుంది. నోటికి పట్టించే అభ్యాసాలు ఏవి పనిచేశాయి? ముందు ఏ వాక్యం మొదలుపెట్టించాలి?