గుండ్రని రికార్డు అట్టను బాగుచేయడం ఎలా?

ఇంగ్లండుకు చెందిన రాక్ సంగీత బృందం స్మాల్ ఫేసెస్ 1968లో విడుదల చేసిన ‘ఆగ్డెన్స్ నట్ గాన్ ఫ్లేక్’ తొలి ముద్రణ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఒకటి, లండన్‌లో ఉండే మా మేనమామ ద్వారా ఇటీవల నా చేతికి వచ్చింది. పొగాకు డబ్బాను పోలిన దాని గుండ్రని అట్టలో, ఒక భాగాన్ని మరొకదానికి కలిపే మడత దగ్గర రెండంగుళాల చిరుగు ఉంది. ఎవరో ఎప్పుడో అంటించిన టేపు పసుపుబారి, విశాఖ ఉక్కపోతకు జిగురు కారుతోంది. ఆ బృందం గాయకుడు స్టీవ్ మారియట్ గొంతు వినడానికైతే సీడీ చాలు, నా బెంగంతా ఈ అట్ట మీదే. కాగితం పొర లేచిపోకుండా పాత టేపును తీసే పద్ధతి ఏమిటో, మడతను అతకడానికి ఎలాంటి పలుచని కాగితం, ఏ జిగురు వాడాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరా? నిలబెడితే దొర్లిపోయే ఈ అట్టను రికార్డు నుంచి వేరుచేసి, పడుకోబెట్టి దాచడం మంచిదేనా?